బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే: "ఫుల్ ఛార్జ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" షోరూమ్ కుర్రాడు నాలుగొందలనో ఐదొందలనో ఒక అంకె చెప్తాడు. మనం అందులో సగం కోసేసి నమ్ముతాం. ఆ సగం పట్టుకుని ఇంటికొచ్చి వారం రోజులు వాదించుకుంటాం. ఆ అంకె సంగతి కూడా చూద్దాం గానీ, దానికి తొందరలేదు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మీ బండి ఎక్కడ నిలబడుతుంది? ఆ చోటు కచ్చితంగా మీదేనా? అక్కడికి కరెంటు వస్తుందా?

ఈ మూడింటికీ మీ దగ్గర సరైన జవాబు ఉంటే రోజువారీ వాడకానికి ఎలక్ట్రిక్ కారంత సుఖమైన బండి లేదు. జవాబు లేకపోతే ఐదొందలు కాదు, ఏడొందల కిలోమీటర్లు వెళ్లే బండి కొన్నా దానితో మీకు తిప్పలే.

ఒకప్పుడు దూరం నిజంగానే సమస్య. 2001లో బెంగళూరులో పుట్టిన రేవా ఎలక్ట్రిక్ కారుకి లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉండేవి. ఫుల్ ఛార్జ్ మీద ఎనభై కిలోమీటర్లు వెళ్తే గొప్ప. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ వచ్చింది. దాని బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో ముప్పై యూనిట్లు. అదే బండిలో ఇప్పుడు 45 యూనిట్ల బ్యాటరీ దొరుకుతోంది. మహీంద్రా 2024 నవంబర్‌లో విడుదల చేసిన బీఈ 6లో 59, 79 యూనిట్ల బ్యాటరీలున్నాయి. ఇక మీదట బ్యాటరీ సైజు ఎప్పుడు చదివినా యూనిట్లలోనే ఆలోచించండి. మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన లెక్క అది.

ఉప్పల్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం అనుకుందాం. పోనూ రానూ అరవై కిలోమీటర్లు. ఊళ్లో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వేసుకుంటే రోజుకి ఖర్చయ్యేది తొమ్మిది యూనిట్లు. ఇంట్లో ఏసీకో గీజర్‌కో వాడే 15 ఆంపియర్ల పవర్ ప్లగ్ గంటకి సుమారు మూడు యూనిట్లు ఇస్తుంది. ఛార్జింగ్‌లో పదో వంతు వృథా పోయినా మూడున్నర గంటల్లో ఆ రోజు తిరిగినదంతా తిరిగి నిండిపోతుంది. రాత్రి అన్నం తిని ప్లగ్ పెడితే అర్ధరాత్రికల్లా పని అయిపోతుంది. ఇందుకోసం గోడకి బిగించే 7.2 కిలోవాట్ల పెద్ద ఛార్జర్ అక్కర్లేదు. బండితో పాటు అది ఉచితంగా ఇస్తే పెట్టించుకోండి, లేకపోతే దిగులు పడొద్దు.

సెల్లార్‌లో సంధి

సొంతిల్లు ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేసి ముందుకెళ్లిపోవచ్చు. అపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం రెండుసార్లు చదవండి. మన ఊళ్లలో ఎలక్ట్రిక్ కారు కల ఎక్కువగా చెదిరేది హైవే మీద కాదు, సెల్లార్‌లో.

మీ మీటరు ఎలక్ట్రికల్ ప్యానెల్ గదిలో ఉంటుంది. మీ పార్కింగ్ అక్కడి నుంచి నలభై, యాభై మీటర్ల దూరంలో ఉంటుంది. ఈ మధ్యలో తీగ లాగాలి. 15 ఆంపియర్ల ప్లగ్‌కైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పెద్ద ఛార్జర్‌కైతే కనీసం 6. దానికి విడిగా ఒక ఎంసీబీ, లీకేజీ పట్టే ఆర్‌సీసీబీ, అన్నిటికన్నా ముఖ్యంగా సరైన ఎర్తింగ్ కావాలి. వాచ్‌మన్ గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి పని కానిచ్చేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మిక్సీ పది నిమిషాలు తిరుగుతుంది. కారు గంటల తరబడి అదే బరువుతో లాగుతూనే ఉంటుంది. ఆ బాక్సు కరగడం ఖాయం.

కరెంటు తీసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది మీ ఇంటి మీటరు నుంచే తెచ్చుకోవడం. ఇళ్లలో వాడే కనెక్షన్ మీద బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఇబ్బంది స్లాబుల దగ్గర వస్తుంది. నెలకి రెండు వందల యూనిట్లు కారుకి కలిస్తే మీ బిల్లు పై స్లాబులోకి ఎగబాకుతుంది, ఆ చివరి యూనిట్లు తొమ్మిది, పది రూపాయల దాకా పడతాయి. రెండో దారి బండి కోసం విడి మీటరు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం ఈవీ ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడగడం మీ హక్కు. ఈవీ కేటగిరీ రేటు మన రెండు రాష్ట్రాల్లోనూ యూనిట్‌కి ఆరూ ఏడు రూపాయల మధ్య ఉంది. స్లాబుల గొడవ ఉండదు. నెలకి వెయ్యి కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లయితే విడి మీటరే మేలని నా అభిప్రాయం.

హక్కు ఉంది కదా అని నేరుగా జనరల్ బాడీ మీటింగ్‌లో లేచి నిలబడకండి. ముప్పై మంది ఉన్న గదిలో "బ్యాటరీ పేలితే?" అని ఒకరన్నారంటే ఇక ఆ సాయంత్రం మీ మాట ఎవరికీ వినపడదు. 2022 వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయిన వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి, ఆ భయాన్ని తీసిపారేయలేం. ముందు సెక్రటరీ ఇంటికి వెళ్లండి. చేతిలో ఎలక్ట్రీషియన్ గీసిచ్చిన లైన్ బొమ్మ ఉండాలి: తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పైపులో, ఏ ఎంసీబీ కింద. కామన్ మీటర్ నుంచి ఒక్క యూనిట్ కూడా వాడనని కాగితం మీద రాసివ్వండి. ఈ మధ్య వస్తున్న కార్లలో చాలా వాటికి వాడుతున్న ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ వేడిని మిగతా లిథియం రకాలకన్నా బాగా తట్టుకుంటుందని చెప్పండి. "అస్సలు అంటుకోదు" అని మాత్రం అనొద్దు. పెట్రోల్ ట్యాంకు గురించి కూడా ఎవరూ ఆ మాట అనలేరు. రేపు ఇంకో నలుగురు కొంటే ఏం చేయాలన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఆ నలుగురి తీగలకీ సరిపోయే కేబుల్ ట్రే ఇప్పుడే వేయిద్దామని మీరే ముందు ప్రతిపాదిస్తే సగం సంధి కుదిరినట్టే.

రాత్రి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, వీధిలో చెట్టు కింద బండి పెట్టుకునేవాళ్ల సంగతేమిటి? ఆఫీసులో రోజూ ఛార్జింగ్ దొరికితే సరే. అదీ లేకపోతే ఈ ఏడాదికి కొనకండి. బయటి ఫాస్ట్ ఛార్జర్ మీదే పూర్తిగా ఆధారపడితే వారంలో రెండు సాయంత్రాలు దానికే పోతాయి. ఇంట్లో ఏడు రూపాయలకి వచ్చే యూనిట్ అక్కడ పన్నుతో కలిపి ఇరవై అటూ ఇటూ పడుతుంది.

అంకె వెనక అంకె

ఇప్పుడు షోరూమ్ కుర్రాడి దగ్గరికి వద్దాం. అతను చెప్పేది అబద్ధం కాదు. అది ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీత వేగాలతో తీసిన కొలత. 45 యూనిట్ల నెక్సాన్‌కి ఆ కొలతలో వచ్చింది 489 కిలోమీటర్లు. అదే కంపెనీ నిజమైన రోడ్డు మీద ఎంత వస్తుందో విడిగా ఇంకో అంకె చెప్తోంది. అది మూడొందల యాభై పైచిలుకు. మీరు దాన్ని కూడా పక్కన పెట్టి బ్యాటరీ యూనిట్లని మీ రోడ్డుకి తగిన మైలేజీతో గుణించుకోండి. ఇలాంటి మధ్యరకం బండికి ఊళ్లో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు. హైవే మీద తొంభైలో నిలకడగా వెళ్తే ఆరున్నర. నూట పదిలో తోలితే ఐదు, ఐదున్నర.

పెట్రోల్ బండికి హైవేలోనే మైలేజీ ఎక్కువ. ఇక్కడ తలకిందులు. కారణం గాలి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది: ఎనభై నుంచి వందకి వెళ్తే వేగం పెరిగింది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఇంజన్ బండిలోనూ ఇది జరుగుతుంది. కాకపోతే అక్కడ ఇంధనంలో ఎక్కువ భాగం ఎలాగూ వేడిగా పోతుంటుంది కాబట్టి మన కంటికి అంతగా కనపడదు. ఎలక్ట్రిక్ బండిలో వృథా తక్కువ, అందుకే కుడికాలు చేసే ప్రతి తప్పూ స్క్రీన్ మీద శాతాల్లో కనిపిస్తుంది. దారిలో ఛార్జ్ తక్కువై గుబులు పుడితే చేయాల్సింది ఏసీ కట్టేసి చెమటలు కక్కడం కాదు. వేగం ఎనభైకి దించండి.

ఏసీ లెక్క చాలామందికి వింతగా ఉంటుంది. మే నెల ఎండలో అది గంటకి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది. హైవే మీద వంద కిలోమీటర్లు గంటా పది నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఏసీకి పోయేది రెండు యూనిట్లలోపే. అదే వంద కిలోమీటర్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇరవై స్పీడుతో తిరగడానికి ఐదు గంటలు పడుతుంది, ఏసీకి ఏడు యూనిట్లు పోతాయి. అయినా "సంక్రాంతి జామ్‌లో ఇరుక్కుంటే ఛార్జ్ అయిపోతుందేమో" అన్న భయం ఉన్నదానికన్నా పెద్దది. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేట్ దగ్గర రెండు గంటలు నిలిచిపోయినా పోయేది మూడు యూనిట్లు, అంటే ఇరవై కిలోమీటర్ల దూరం. మోటారు కదలకుండా ఉన్నంతసేపూ ఖర్చు ఏసీకే.

దూరం వెళ్లే రోజు

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. 45 యూనిట్ల బండి కాగితం మీద ఒక్క ఛార్జ్‌తో చేరుతుంది. అలా వెళ్లకండి. చివరి నలభై కిలోమీటర్లు మీరు రోడ్డు చూడరు, బ్యాటరీ శాతం చూస్తారు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మిమ్మల్ని చూస్తారు. సూర్యాపేట సరిగ్గా సగం దూరంలో ఉంది, ఈ దారిలో బస్సులూ కార్లూ టిఫిన్‌కి ఆగేది ఎలాగూ అక్కడే. అందరూ ఇడ్లీ తిని, కాఫీ తాగి, పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లి వచ్చేసరికి నలభై నిమిషాలు ఎలాగూ అవుతాయి. ఆ నలభై నిమిషాలూ బండికి ఇవ్వండి చాలు. కుటుంబంతో వెళ్లే విజయవాడ ప్రయాణంలో ఎలక్ట్రిక్ కారు వల్ల పోయే సమయం దాదాపు ఏమీ లేదు. ఒక్కడే ఎక్కి ఎక్కడా ఆగకుండా తోలేసే మనిషికి మాత్రం ముప్పావు గంట నష్టం. మీరు ఏ రకమో మీకే తెలుసు.

బెంగళూరుకి 570 కిలోమీటర్లు. అదే బండితో కర్నూలు దాకా 215, అక్కడి నుంచి అనంతపురం దాకా 145, మిగిలింది 210. ఇంటి దగ్గర నూరు శాతంతో బయల్దేరితే కర్నూలు చేరేసరికి పాతిక శాతం మిగులుతుంది. అక్కడో నలభై నిమిషాలు, అనంతపురంలో ఇంకో నలభై ఐదు. మొత్తం మీద గంటన్నర. అందులో ఒక భోజనం, ఒక టీ కలిసిపోతాయి. 24 యూనిట్ల టియాగో లాంటి చిన్న బండితో ఇదే దారి వెళ్లాలంటే నూట పది, నూట ఇరవై కిలోమీటర్లకోసారి ఆగాలి. వెళ్లినవాళ్లు లేకపోలేదు, వాళ్ల ఓపికకి దండం. అది ఊళ్లో తిరగడానికి పుట్టిన బండి. ఆ పనిలో దానికి వంక పెట్టలేం.

ఛార్జర్ దగ్గర తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంటి ప్లగ్ ఇచ్చేది ఏసీ కరెంటు. దాన్ని బండి లోపలి చిన్న యంత్రం డీసీగా మార్చుకుంటుంది, అందుకే నెమ్మది. హైవే ఛార్జర్ ఆ మార్పు బయటే చేసి బ్యాటరీకి నేరుగా పంపుతుంది. మన కార్లకి వాడేది సీసీఎస్ 2 గన్, అంటే బండికి తగిలించే ప్లగ్గు. బోర్డు మీద అరవై కిలోవాట్లు అని ఉన్నా రెండు గన్‌లకీ కలిపి ఆ అరవై అయితే పక్క గన్‌కి ఇంకో కారు తగిలించగానే మీది సగానికి పడిపోవచ్చు. ముప్పై కిలోవాట్ల దగ్గరైతే నలభై నిమిషాల పని గంట దాటుతుంది. ఆగాల్సిన చోటు ఎంచుకునేటప్పుడు దూరంతో పాటు ఈ సామర్థ్యం కూడా చూడండి.

ఇంకోటి, ఎనభై శాతం దాటాక ఆపేసి బయల్దేరండి. బ్యాటరీ నిండడం ఆర్టీసీ బస్సు నిండడం లాంటిది: మొదట ఎక్కినవాళ్లు చకచకా కూర్చుంటారు, ఆఖరి నలుగురు సీటు వెతుక్కుంటూ నడవలో తచ్చాడతారు. మిగిలిన ఇరవై శాతానికి పట్టే సమయంలో మీరు తర్వాతి ఊరు దగ్గరికి వెళ్లిపోతారు. తర్వాతి మజిలీ మరీ దూరమైతే తొంభై దాకా ఉండొచ్చు. వందకి నింపడం ఇంట్లో, రాత్రి చేసే పని.

జాతీయ రహదారుల మీద ఇరువైపులా పాతిక కిలోమీటర్లకొక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలన్నది కేంద్రం 2022 మార్గదర్శకాల్లో పెట్టుకున్న లక్ష్యం. పటంలో చుక్కలైతే చాలానే కనిపిస్తాయి. ఆ చుక్కల్లో కొన్ని పని చేయవు. ఒకచోట గన్ లాక్ ఊడదు, ఒకచోట నెట్‌వర్క్ ఉండదు, ఇంకోచోట ఛార్జర్ ముందు పెట్రోల్ కారు హాయిగా పార్క్ చేసి ఉంటుంది. అందుకే ఆగాలనుకున్న చోటుకి ఇరవై శాతం మిగిలి ఉండగానే చేరండి. అది పని చేయకపోతే ఇంకో ముప్పై, నలభై కిలోమీటర్లలో రెండోది ఏదో ముందే చూసి పెట్టుకోండి. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లో ఆ ఛార్జర్ దగ్గర ఈ రోజో నిన్నో ఎవరైనా ఛార్జ్ చేశారా అన్నది చూడండి. ఎవరూ చేయకపోతే అక్కడున్న నంబరుకి ఫోన్ కొట్టండి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. ఇవన్నీ ప్రయాణానికి ముందు రోజు ఇంట్లో కూర్చుని పెట్టుకుని, తలా కొంత డబ్బు వేసి ఉంచాలి. ఎర్రటి ఎండలో సిగ్నల్ లేని చోట ఓటీపీ కోసం ఎదురుచూడటం ఎవరికీ వద్దు.

పండగ ముందు రెండు రోజులూ విజయవాడ దారిలో సమస్య ఛార్జ్ కాదు, ఛార్జర్ దగ్గర లైను. మీ ముందు ముగ్గురుంటే రెండు గంటలు. అలాంటి రోజున తెల్లవారుజామున మూడింటికి బయల్దేరడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

శ్రీశైలం దారికి వేరే జాగ్రత్త కావాలి. మన్ననూరు దాటాక నల్లమల అడవి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు. ఛార్జింగ్ దగ్గర పోగొట్టుకున్న గంట మిమ్మల్ని ఆ గేటు దగ్గర రాత్రంతా నిలబెట్టగలదు. అడవిలోకి వెళ్లే ముందే బ్యాటరీ సంగతి చూసుకోవాలి, అదీ వెలుతురుండగా.

తిరుమల కొండ గురించి భయపడేవాళ్లు చాలామంది. తిరుపతి నుంచి పైకి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు. ఐదుగురితో నిండిన బండిని అంత ఎత్తుకి మోయడానికి అదనంగా పట్టేది నాలుగు యూనిట్లు, అంతే. దిగేటప్పుడు కాలు తీస్తే మోటారే జనరేటర్‌గా మారి బండిని పట్టి ఆపుతూ అందులో సగానికి పైగా వెనక్కి ఇస్తుంది. బ్రేకులు కాలిన వాసన ఉండదు. ఒక్క షరతు: కొండ మీద ఛార్జ్ దొరికినా వందకి నింపకండి. నిండిన బ్యాటరీలో పట్టడానికి చోటు ఉండదు కాబట్టి ఆ పట్టు పని చేయదు, దిగినంతసేపూ మామూలు బ్రేకుల మీదే ఆధారపడాలి.

ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఛార్జ్ పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, ఎర్తింగ్ ఉంటే. పల్లెల్లో చాలా ఇళ్ల ప్లగ్గులకి మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. బండితో వచ్చే ఛార్జర్ దాన్ని వెంటనే పసిగట్టి ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. ఊరికి వెళ్లే వారం ముందే ఎలక్ట్రీషియన్ చేత ఒక పవర్ ప్లగ్, ఎర్త్ గుంత చేయించమని మామయ్యకి ఫోన్ చేసి డబ్బు పంపండి. రాత్రి వోల్టేజీ పడిపోయే ఊరైతే ఛార్జర్‌లో ఆంపియర్లు తగ్గించుకునే వీలుందేమో చూసుకోండి. పది ఆంపియర్లతో రాత్రంతా పెట్టినా తెల్లారేసరికి నూట ఇరవై కిలోమీటర్లకి సరిపడా నిండుతుంది. కరెంటు డబ్బులు ఇస్తామంటే అత్తయ్య నొచ్చుకుంటుంది, ఆ సంగతి మీ ఇష్టం.

బయల్దేరే ముందు బండి బానెట్ తెరిచి ఒక చిన్న బ్యాటరీ చూడండి. అవును, ఎలక్ట్రిక్ కారులోనూ పన్నెండు వోల్టుల మామూలు బ్యాటరీ ఉంటుంది. తలుపు తాళాలు, స్క్రీన్, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్ అన్నీ దాని మీదే నడుస్తాయి. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో నలభై యూనిట్లున్నా బండి కదలదు. మూడేళ్లు దాటితే పరీక్ష చేయించండి. చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు, గాలి పంపు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. అది వాడటం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోండి.

డబ్బు లెక్క చిన్నదే. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, ఊళ్లో లీటరుకి పదిహేను కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకి ఏడు రూపాయల పైన. యూనిట్ పది రూపాయలు పడినా ఎలక్ట్రిక్‌కి రూపాయి అరవై పైసలు. మిగిలేది ఐదున్నర. అదే స్థాయి పెట్రోల్ బండి కన్నా మీరు నాలుగు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, నెలకి పదిహేను వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఆ డబ్బు నాలుగేళ్లలో వచ్చేస్తుంది. ఐదొందలే తిరిగేవాళ్లకి పన్నెండేళ్లు పడుతుంది. బ్యాటరీ వారంటీ సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు. తక్కువ తిరిగేవాళ్లు డబ్బు మిగులుతుందని ఈ బండి కొనకూడదు. గేర్లు లేని సుఖం, చప్పుడు లేని ప్రయాణం నచ్చితే కొనుక్కోవచ్చు, అది వేరే లెక్క. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. దాన్ని కలుపుకుంటే నాలుగు లక్షల తేడాలో కొంత కరుగుతుంది.

ఇక మీ గురించి మీకే తెలియని ఒక సాక్ష్యం మీ ఫోన్‌లోనే ఉంది: ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. గడిచిన ఏడాదిది దించుకోండి. టోల్‌గేట్ల పేర్లు, తేదీలు చూస్తే ఏ రోజు ఎంత దూరం వెళ్లారో తేలిపోతుంది. "మేం ఎప్పుడూ లాంగ్ డ్రైవ్‌లే" అనుకునే ఇళ్లలో చాలా వాటికి మూడొందల కిలోమీటర్లు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. ఆ కొద్ది రోజుల కోసం మిగతా ఏడాదంతా పెట్రోల్ పోయించుకోవడమా, ఆ రోజులకి ఒక బండి అద్దెకి తీసుకోవడమా అన్నది కాగితం మీద వేసి చూడండి. స్టేట్‌మెంట్‌లో వారానికి రెండుసార్లు ఆదిలాబాద్ వైపు, నెలకోసారి ఒంగోలు వైపు, ముందు రోజు దాకా తెలియని దారులు కనిపిస్తుంటే, మీది సైట్ల మీద తిరిగే కాంట్రాక్ట్ పనో మందుల కంపెనీ ఉద్యోగమో అయ్యుంటుంది. ప్రస్తుతానికి మీ డీజిల్ బండినే సర్వీసింగ్‌కి ఇచ్చి, ఈ స్టేట్‌మెంట్‌ని రెండేళ్ల తర్వాత మళ్లీ దించి చూడండి.